అమ్మలూ, టైముకి చేరడం గురించి

అమ్మలూ,

హెవీ లైసెన్సు చేతికొచ్చిందనీ, సోమవారం నుంచే లారీతో లాంగ్ రూటు ఎక్కుతున్నావనీ మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. విన్న దగ్గర్నుంచి కనిపించిన ప్రతివాళ్ళకీ చెబుతున్నాను. రాత్రి పడుకుంటే మాత్రం నిద్ర పట్టలేదు. ఆడపిల్లవని కాదు నా భయం. రివర్సులో బండిని డాకుకి, అదే సరుకు ఎక్కించి దించే గట్టుకి, ఆనించడం నాకంటే నీకే బాగా వచ్చు. నాకు భయమేసేది గడియారంతోనే.

టైర్లు, బ్రేకులు, లైట్లు, కాగితాలు బయలుదేరే ముందు చూసుకో. ఇది నీకు చెప్పక్కర్లేదు.

సరుకు దించడానికి గోడౌను వాళ్ళిచ్చే టైము, అదే అపాయింట్‌మెంటు సంగతికొస్తాను. "పొద్దున 6 గంటలకి గేటు దగ్గరుండాలి" అనగానే తలూపెయ్యకు. ఆ 6 నుంచి వెనక్కి లెక్క కట్టు. ఫోన్లో మ్యాపు చూపించే టైము కారుకి సరిపోతుంది, లోడు బండికి కాదు. నీ బండి పోయిన ట్రిప్పులో నిజంగా గంటకి ఎంత పోయిందో అదే నీ లెక్క. 600 కిలోమీటర్ల దూరం, సగటున గంటకి 50 అనుకో. స్టీరింగ్ మీదే 12 గంటలు. అమెరికా చట్టం 11 గంటలు దాటనివ్వదు. యూరప్‌లో రోజుకి 9, వారంలో రెండుసార్లు మాత్రం 10. మన దేశంలో చట్టం రోజుకి 8 గంటల పనే అంటుంది. ఎక్కడ చూసినా అది ఒక్కరోజు పని కాదు. మరి ఒక్కరోజులో వస్తానని మాటెందుకు ఇవ్వాలి?

ఇంకోటి, అది ఏ రకం అపాయింట్‌మెంటో ముందే అడుగు. కచ్చితంగా ఆ నిమిషానికేనా, ఫలానా గంట నుంచి ఫలానా గంటలోపు ఎప్పుడొచ్చినా పర్లేదా, ముందొచ్చిన బండికి ముందా? ముందే చేరితే లోపలికి రానిస్తారా, బయట బండి పెట్టుకోవడానికి చోటుందా? చాలాచోట్ల ఉండదు. రాత్రి రెండింటికి చేరి, నిలబెట్టే చోటు లేక చుట్టూ తిరగడం కంటే 40 కిలోమీటర్ల ముందే మంచి చోటు చూసుకుని పడుకోవడం మేలు. గేటు దగ్గరికి చేరగానే నువ్వొచ్చిన టైము కాగితం మీద రాయించుకో. డాకు ఇచ్చిన టైము, ఖాళీ చేసి వదిలిన టైము కూడా. బండిని ఆపి ఉంచినందుకు హాల్టింగ్ డబ్బులు అడగాలంటే ఆ మూడు అంకెలే నీ సాక్ష్యం. పైగా ఆగి ఉన్న గంటలు ఉచితం కాదు. అమెరికాలో డ్యూటీ ఎక్కిన 14 గంటల్లోనే ఆ 11 గంటల డ్రైవింగూ అయిపోవాలి. డాకు ముందు కూర్చున్న టైము మామూలుగా ఆ 14లోనే కరిగిపోతుంది.

ఇప్పుడు నేను ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పనిది చెబుతాను.

మీ నాన్నకి అప్పుడు పంతొమ్మిదేళ్ళు. నా బండికి క్లీనర్‌గా వచ్చేవాడు. ఒక ట్రిప్పులో మధ్యాహ్నం రెండింటికల్లా లోడింగ్ అయిపోవాలి. హమాలీలు రాలేదు, సరుకు రాలేదు, టార్పాలిన్ కట్టేసరికి రాత్రి ఎనిమిదిన్నర. వెళ్ళాల్సింది 400 కిలోమీటర్లు, పొద్దున ఆరింటికి గేటు. ఆ రోజు నేను ఐదింటికే లేచాను. బయలుదేరే ముందు ఓనరు ఫోన్ చేసి "అందుకుంటావా?" అన్నాడు. అందుకుంటానండీ అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఒక్క క్షణం పట్టలేదు. ఎందుకన్నానో ఇప్పటికీ నన్ను నేను అడుగుతూనే ఉంటాను. చేతకాదనుకుంటారని భయం, అంతే.

మూడు దాటాక కళ్ళు మండాయి. అద్దం దించాను, పాట పెట్టాను, చెంప మీద కొట్టుకున్నాను. ఇవేవీ పని చెయ్యవమ్మా. నీళ్ళు చల్లుకున్న మొహంతోనే నిద్రపోతాడు మనిషి. ఎడమ చక్రాలు మట్టిలో దిగిన కుదుపుకి కళ్ళు తెరిచాను. ఎదురుగా లైట్ల వెలుగులో చెట్టు మొదలు. ఎలా తిప్పానో నాకు గుర్తు లేదు. 80లో పోయే బండి సెకనుకి 22 మీటర్లు పోతుంది. నేనెన్ని సెకన్లు పడుకున్నానో ఆ దేవుడికే తెలియాలి. వెనక బెర్తు మీద నిద్రపోతున్న మీ నాన్న లేచి "ఏమైందన్నా?" అన్నాడు. కుక్క అడ్డొచ్చిందిరా, పడుకో అన్నాను. వాడు నమ్మి పడుకున్నాడు. నేను ఆగలేదు. చేతులు వణుకుతున్నా అలాగే నడిపాను.

ఐదుంబావుకి చేరాం. గేటు ముందు నాలుగు బళ్ళున్నాయి. సూపర్‌వైజరు ఎనిమిదింటికి వచ్చాడు, మా లోడు దించేసరికి పదకొండు. ఉండబట్టలేక అడిగాను, కాస్త ఆలస్యమయ్యుంటే ఏం చేసేవారని. "రాత్రే ఒక ఫోన్ కొడితే మధ్యాహ్నానికి రాసుకునేవాళ్ళం కదా" అన్నాడు.

పదిహేడు గంటలు మెలకువగా ఉన్న మనిషి చెయ్యి, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి చెయ్యిలాగే తడబడుతుందని 1997లోనే పరిశోధకులు తేల్చారు. నేనది చాలా ఆలస్యంగా చదివాను. ఆ రాత్రి నేను ఇరవై రెండు గంటల మీద ఉన్నాను. వెనక బెర్తు మీద నా తమ్ముడు.

అందుకని, లోడింగ్ గంట ఆలస్యమైందా, ఆ నిమిషానే ఫోన్ చెయ్యి. చేరే ముందు కాదు, బయలుదేరే ముందు. "ఆరింటికి రాలేను, పదకొండుకి వస్తాను, స్లాటు మార్చండి" అని టైముతో సహా చెప్పు. తిడితే తిట్టనీ. మెలికపెట్టి "ఎలాగోలా చూడమ్మా" అంటే చూడను అను. పోయిన గంటని రోడ్డు మీద సంపాదించాలని చూస్తే మాత్రం నేనే వచ్చి తాళాలు లాక్కుంటాను, పెద్దనాన్ననని కూడా చూడకుండా నామీద కోపం తెచ్చుకున్నా సరే. తెల్లవారుజాము రెండు నుంచి ఐదు వరకూ బండి ఆగి ఉండేలా ట్రిప్పు కట్టుకో తల్లీ. కుదరని రోజున కళ్ళు మండగానే పక్కకి తీసి ఇరవై నిమిషాలు పడుకో.

ఈ ఉత్తరం మీ నాన్నకి చూపించు. కుక్క సంగతి వాడు నన్ను అడిగితే నేనే చెప్పుకుంటాను.

సోమవారం లోడింగ్ అయ్యాక ఎన్నింటికి బయలుదేరావో నాకొక మెసేజ్ పెట్టు. చేరాక ఇంకోటి. మధ్యలో నేను చెయ్యను, నువ్వూ చెయ్యకు.

మీ పెద్దనాన్న