షుగర్ ఉన్న అమ్మకు వేళాంగణిలో మోకాళ్ల మొక్కు... తీర్చనివ్వచ్చా?

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. అమ్మకు 61 ఏళ్లు. చాన్నాళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర రెండు పూటలా, టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర పొద్దున వేసుకుంటుంది. అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి, మోకాళ్లు నొప్పులు. తమిళనాడులోని వేళాంగణి మాత గుడిలో పండుగకు ఆగస్టు 29న జెండా ఎక్కించే రోజుకి మొదటిసారి అక్కడికి వెళ్లి, ఉపవాసముండి ఇసుక దారిలో మోకాళ్ల మీద నడుస్తానని మొక్కుకుంది. పంపమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: యాత్రకు తప్పకుండా పంపండి. మోకాళ్ల నడక మాత్రం వద్దు. నన్ను ఎక్కువ భయపెడుతున్నది మోకాళ్ల నొప్పి కాదు, ఆ తిమ్మిరి. షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్న పాదానికి ఇసుక వేడి తెలియదు, గాజుపెంకు గుచ్చుకున్నా తెలియదు. సాయంత్రం బొబ్బ కనిపించేదాకా అంతా బాగానే ఉందనుకుంటారు. ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. అమ్మను కళ్లు మూసుకోమని, రెండు పాదాల్లో బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసల మీద మీ చూపుడువేలితో ఒకటి రెండు సెకన్లు మెత్తగా తాకండి. నొక్కకూడదు, గీరకూడదు. ఆరింటిలో రెండు చోట్ల తెలియకపోయినా చెప్పుల్లేకుండా అడుగు వేయనివ్వద్దు. గుడి లోపల మందపాటి నూలు మేజోళ్లు వేయించండి. రాత్రి పడుకునే ముందు పాదాలు కడిగి, వేళ్ల సందుల్లో తడి తుడిచి, టార్చి వేసి చూడండి. పుండున్న కాలితో సముద్రంలో దిగనివ్వద్దు. ఉప్పునీటి సూక్ష్మజీవులు షుగర్ ఉన్నవాళ్లను గంటల్లోనే ఆస్పత్రి పాలు చేయగలవు.

మొక్కు మాటేమిటంటారా? విచారణ గురువును, అంటే మీ చర్చి ఫాదర్‌ను కలవండి. తగిన కారణం ఉంటే సొంత మొక్కు నుంచి విడుదల ఇచ్చే అధికారం ఆయనకు శ్రీసభ (కతోలిక సంఘం) చట్టమే ఇచ్చింది. కూర్చుని జపమాల చెప్పుకోవడమో, మరో సేవో ఆయనే సూచిస్తారు. పూజలో సత్ప్రసాదం (కమ్యూనియన్) తీసుకునే ముందు ఉండాల్సిన ఉపవాసం గంటే. నీళ్లు, మందులు దానికి అడ్డు కావు. పెద్దవయసువాళ్లకు, జబ్బు ఉన్నవాళ్లకు ఆ గంట కూడా తప్పనిసరి కాదు. ఈ సంగతి తెలియక తెల్లవారుజాము నుంచి నీళ్లు కూడా ముట్టనివాళ్లే ఎక్కువ.

పస్తుతో గ్లిమిపిరైడ్ పడితే షుగర్ దారుణంగా పడిపోతుంది. నియమం ఒక్కటే: పళ్లెం ముందుకొచ్చాకే మాత్ర. తినని పూట మాత్ర మానేయాలి. ఒక పూట మానితే షుగర్ కాస్త పెరుగుతుంది, అంతే. చెమటలు, వణుకు, తికమక మాటలు కనిపిస్తే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. పావుగంట తర్వాత గ్లూకోమీటర్‌లో 70 దాటకపోతే మళ్లీ ఇవ్వండి. తేరుకోగానే అన్నమో ఇడ్లీయో పెట్టాలి. ఈ మందుతో గంటల తర్వాత మళ్లీ పడిపోవచ్చు కాబట్టి ఆ రోజంతా ఒంటరిగా వదలొద్దు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

ఇక అసలు ప్రమాదం మందుల షాపులో ఉంది. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ అడక్కుండానే చేతిలో పెడతారు. అమ్మ వేసుకునే బీపీ మాత్రలోని రెండు మందులకు ఇది తోడై, ఎండకు ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీకి రక్తం అందదు. నొప్పికి పారాసిటమాల్ 650 చాలు, రోజుకు మూడుకు మించకుండా. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే బీపీ మాత్ర, మెట్‌ఫార్మిన్ ఉన్న షుగర్ మాత్ర ఆపి వెంటనే డాక్టర్‌తో మాట్లాడాలి. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో కలపాలి. సగం ప్యాకెట్ గ్లాసులో కలిపితే మేలు కన్నా కీడే.

బయల్దేరడానికి నెల ముందే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), ఈసీజీ చేయించండి. మెట్లెక్కితే ఆయాసం, ఛాతీలో బరువు ఉంటే ప్రయాణం వాయిదానే. పలాసలో రైలెక్కి చెన్నైలో మారి నాగపట్నం చేరేసరికి ఒక రోజుకు పైనే పడుతుంది. రెండు గంటలకోసారి లేపి నడిపించండి. మాత్రలు రెండు సంచుల్లో సర్దండి. చీటీ మీద మందు పేర్లు ఉండాలి, బ్రాండ్ పేర్లు తమిళనాడులో వేరుగా ఉండొచ్చు. తలనీలాలు ఇస్తే కొత్త బ్లేడు మీ ఎదుటే విప్పించండి.

ఒక్క మాట గజపతి, రాయగడ వాళ్లకు ప్రత్యేకం. మన కొండల్లో మలేరియా ఉంది. దోమ కుట్టిన వారం రెండు వారాలకు జ్వరం రావచ్చు, అంటే అది వేళాంగణిలోనే బయటపడొచ్చు. అక్కడి డాక్టర్‌కు ఆ అనుమానం రాకపోవచ్చు. ఎక్కడి నుంచి వచ్చారో మీరే ముందు చెప్పి, ఆ రోజే మలేరియా రక్తపరీక్ష చేయించండి.