కెపాసిటర్ వద్దన్న మా నాయనే ఆటో స్టార్టర్ ఎందుకు కొన్నారంటే

"మంచి టెక్నాలజీ వచ్చినా మన రైతులు ఎందుకు వాడరు? అవగాహన లేకనా?" అని ఒకరు నన్ను అడిగారు. ఇదే మాట మా నాయనతో అని ఒకసారి తిట్లు తిన్నాను.

మాది జనగామ వైపు. ఒక బోరు, 5 హెచ్‌పీ మోటరు. 2004లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రి కాగానే ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం చేశారు. తర్వాత షరతులొచ్చాయి: మోటరుకు కెపాసిటర్ ఉండాలి, పంపు ఐఎస్‌ఐ మార్కుది కావాలి అని. కెపాసిటర్ అంటే మోటరుకు తగిలించే చిన్న పరికరం, పెద్ద ఖరీదేం కాదు. లైన్ మీద భారం తగ్గుతుంది, వోల్టేజీ పడిపోదు. ఇంజనీరింగ్ చదువుతూ సెలవులకు వచ్చినప్పుడు ఇదంతా నాయనకు వివరంగా చెప్పాను. అంతా విని, "ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ మీద ఇన్ని మోటర్లున్నయి. నేనొక్కణ్ణి పెడితే వోల్టేజీ పెరుగుతదారా?" అన్నారు.

పెరగదు. అందరూ పెడితేనే పెరుగుతుంది. లైన్‌లో నష్టం తగ్గితే లాభం కరెంటోళ్ళకు, ఖర్చేమో మాకు. బిల్లే లేనప్పుడు మాకు మిగిలేదేముంది? పోనీ మీటర్లు పెడదామంటే ఏ ప్రభుత్వానికైనా గుండె దడే. 2000 ఆగస్టులో కరెంటు చార్జీల పెంపు మీద జరిగిన ఉద్యమంలో హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. అది ఎవరూ మర్చిపోలేదు.

ఆటో స్టార్టర్‌ను మాత్రం ఎవరూ చెప్పకుండానే కొనుక్కొచ్చారు. అప్పట్లో మోటర్లు నడిచే త్రీఫేజ్ కరెంటు రోజుకు ఏడు గంటలే, అందులో కొంత రాత్రిపూట. చీకట్లో గట్ల మీద పోతే పాముల భయం, తడి చేతులతో స్టార్టర్ డబ్బా ముట్టుకుంటే షాకు. ఆటో స్టార్టర్ ఉంటే కరెంటు రాగానే మోటరు దానంతటదే నడుస్తుంది. ఏడాది తిరిగేసరికి ఊళ్ళో ప్రతి మోటరుకూ అదే. అన్నీ ఒక్కసారే లేచేసరికి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయేది. చందాలేసుకుని, ట్రాక్టర్‌లో వేసుకుని రిపేరుకు తీసుకుపోవడం మా ఊళ్ళో దాదాపు ఒక పండగ (నవ్వుకోకండి, ఆ వారం పంట ఎండిపోయేది).

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో 24 గంటల కరెంటు. భూగర్భ జలాలు అడుగంటుతాయని ప్రభుత్వమే ఆటో స్టార్టర్లు తీసేయమంది. లైన్‌మన్ వస్తే నాయన తీశారు, అతను పోగానే మళ్ళీ బిగించారు. కరెంటు ఉంటుందని కాగితం మీద చెబితే నమ్మే వయసు కాదు ఆయనది. ఆ ఎండాకాలం బోరు మధ్యాహ్నానికే నీళ్ళకు బదులు గాలి పోయడం మొదలుపెట్టాక ఆయనే విప్పి మూలన పడేశారు. రాత్రిపూట పోయే పని కూడా అప్పటికి తప్పింది.

మరుసటి ఏడు డ్రిప్ వేయించారు. సబ్సిడీ 90 శాతం ఉండటం ఒక కారణం. అసలు కారణం బోరే: కరెంటు ఎంతైనా ఉంది, నీళ్ళే లేవు. ఉడతలు పైపులు కొరికితే, మెకానిక్ ఎవరో వచ్చేదాకా ఆగకుండా తనే కూర్చుని జాయింట్లు వేస్తారు.

కెపాసిటర్ మాత్రం మా మోటరుకు ఇప్పటికీ లేదు. నేనూ మళ్ళీ అడగలేదు.