ఆక్సీమీటర్ 97 చూపిస్తున్నా మగత ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి 67 ఏళ్లు. చాలాకాలం బీడీలు తాగారు. సీఓపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు) అన్నారు. నిరుడు డిశ్చార్జి చేసేటప్పుడు ఇంట్లో నిమిషానికి ఒక లీటరు చొప్పున ఆక్సిజన్ పెట్టమన్నారు. వేలికి ఆక్సీమీటర్ పెడితే 89, 90 చూపిస్తోందని భయమేసి, వారం నుంచి 4 లీటర్లు పెడుతున్నాం. ఇప్పుడు 97 ఉంటోంది. కానీ పొద్దున లేవగానే తలనొప్పి అంటున్నారు, పగలంతా మగతగా పడుకుంటున్నారు. రాత్రి నిద్ర పట్టడం లేదంటే మెడికల్ షాపులో అడిగి ఆల్ప్రజోలం సగం మాత్ర వేస్తున్నాం. రోజూ ఆక్సిజన్ పెడితే అలవాటైపోతుందా? 10 లీటర్ల మెషీన్ కొనమంటారా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మెషీన్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. మీరు మధ్యలో ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన మగత, పొద్దుటి తలనొప్పి నన్ను కంగారు పెడుతున్నాయి. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతే ఇలాగే ఉంటుంది. మనిషిని చూడకుండా అదే అని ఖాయంగా చెప్పలేను, వేరే కారణాలూ ఉండొచ్చు. కానీ రేపటిదాకా ఆగకుండా ఇవాళే ఆస్పత్రికి తీసుకెళ్లండి. పిలిస్తే సరిగా పలకకపోయినా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, చేతులు చాపమంటే అరచేతులు టపటపా కొట్టుకుంటున్నా వెంటనే 108కి ఫోన్ చేయండి.

97 ఉంది కదా అంటారేమో. రక్తంలో ఆక్సిజన్ సుమారు 98 శాతం హిమోగ్లోబిన్‌ను పట్టుకునే ప్రయాణిస్తుంది. ఆ హిమోగ్లోబిన్ ఎంత నిండిందో మాత్రమే ఆక్సీమీటర్ చెబుతుంది. కార్బన్ డయాక్సైడ్ దారి వేరు. అందులో 70 శాతం దాకా బైకార్బొనేట్‌గా మారి, 20 శాతం పైచిలుకు హిమోగ్లోబిన్‌తో కలిసి, మిగిలిన కొద్దిపాటి నేరుగా కరిగి ఊపిరితిత్తులకు చేరుతుంది. ఇదేదీ మీ వేలికి పెట్టే పరికరానికి కనిపించదు. బస్సు ఎక్కినవాళ్లను లెక్కపెట్టి, దిగాల్సినవాళ్లు దిగారో లేదో చూడని కండక్టర్ లాంటిది అది. రక్తపరీక్షలో 35 నుంచి 45 (మిల్లీమీటర్ల పాదరసం) మధ్య ఉండాల్సిన కార్బన్ డయాక్సైడ్ 80 దాటినా, ఆక్సిజన్ పెట్టి ఉంటే ఆక్సీమీటర్ 97 చూపిస్తూనే ఉంటుంది.

ఊపిరి ఎంత వేగంగా తీయాలో మెదడు కింది భాగంలోని మెడుల్లా నిర్ణయిస్తుంది. అది ప్రధానంగా చూసేది ఆక్సిజన్‌ను కాదు, కార్బన్ డయాక్సైడ్ వల్ల పెరిగే ఆమ్లత్వాన్ని. ఊపిరి బిగపట్టినప్పుడు కాసేపటికి ఇక ఆగలేం అనిపించేది ఎక్కువగా అందుకే. ఏళ్ల తరబడి ఆ వాయువు ఎక్కువగా ఉన్నవాళ్లలో మూత్రపిండాలు బైకార్బొనేట్‌ను నిలిపి ఆమ్లత్వాన్ని సర్దేస్తాయి, మెదడుకు ఆ హెచ్చరిక మొద్దుబారుతుంది. అప్పుడు మెడలోని కెరోటిడ్ ధమనుల దగ్గర, ఆక్సిజన్ తగ్గితే స్పందించే కణాల మీద ఆధారం పెరుగుతుంది. ఆక్సిజన్ అతిగా ఇస్తే ఆ ప్రేరణా కొంత తగ్గుతుంది. పుస్తకాల్లో దీన్నే ఎక్కువగా చెబుతారు గానీ, అంతకంటే పెద్ద కారణం ఊపిరితిత్తుల్లోనే ఉంది. గాలి సరిగా ఆడని భాగాల్లో రక్తనాళాలు ముడుచుకుని రక్తాన్ని బాగున్న భాగాలకు మళ్లిస్తాయి. ఆక్సిజన్ ఎక్కువైతే అవి మళ్లీ తెరుచుకుంటాయి, రక్తం పనికిరాని చోటికి పోతుంది, అక్కడ కార్బన్ డయాక్సైడ్ సరిగా బయటికి పోదు. దానికితోడు ఆక్సిజన్‌తో నిండిపోయిన హిమోగ్లోబిన్ తాను పట్టుకున్న కార్బన్ డయాక్సైడ్‌ను రక్తంలోకి వదిలేస్తుంది.

అందుకే ఇలాంటి పేషెంట్లకు మేం సాధారణంగా 88 నుంచి 92 మధ్య ఉంచుతాం. మీ నాన్నగారికి 89, 90 ఉన్నప్పుడు సరైన చోటే ఉన్నారమ్మా. మీరు సరిచేయాల్సింది ఏమీ లేదు.

అలాగని ఇది చదవగానే మెషీన్ ఆపేయకండి. ఒక్కసారిగా తీసేస్తే ఆక్సిజన్ బాగా పడిపోతుంది, అదింకా ప్రమాదం. ఆక్సీమీటర్ చూసుకుంటూ డాక్టర్ రాసిన లీటరు వైపు మెల్లగా తగ్గించండి. 88 కంటే కిందికి పోతే కొద్దిగా పెంచండి. ఇది ఆస్పత్రికి చేరేలోపు చేయాల్సిన పని మాత్రమే.

ఇక ఆ సగం మాత్ర. నా ఓపీలో రోజూ ఎవరో ఒకరితో ఈ గొడవ తప్పదు. ఆల్ప్రజోలం షెడ్యూల్ హెచ్1 మందు, చీటీ లేకుండా అమ్మకూడదు. షాపతను ఇచ్చాడు, మీరు వేశారు. ఊపిరి తీసుకోమని మెదడు ఇచ్చే ఆదేశాన్నే ఇలాంటి మందులు బలహీనం చేస్తాయి. కార్బన్ డయాక్సైడ్ పెరిగినవాళ్లకు రాత్రి నిద్ర చెదరడం, పగలు మగత రావడం మామూలే. అంటే మీరు జబ్బు లక్షణానికి జబ్బును పెంచే మందు వేస్తూ ఉండొచ్చు. ఈ రాత్రి వేయకండి. ఎన్ని రోజులుగా వేస్తున్నారో డాక్టర్‌కు దాచకుండా చెప్పండి, ఎందుకంటే ఎక్కువకాలం వాడితే మానే పద్ధతి కూడా వేరు. కోడీన్ ఉన్న దగ్గు సిరప్‌లు, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు ఇంట్లో ఉంటే అవీ ఆపి, అడిగాకే వేయండి. పక్కింటాయనకు పనిచేసిందన్న మాట ఈ జబ్బులో అసలు పనికిరాదు.

ఆస్పత్రిలో మణికట్టు దగ్గర ధమని నుంచి రక్తం తీసి, అందులోని వాయువులను కొలిచే ఏబీజీ పరీక్ష చేస్తారు. కాస్త నొప్పిగా ఉంటుంది, వద్దనకండి. అసలు విషయం తేల్చేది అదే. ఫలితాన్ని బట్టి, ఊపిరి తీసుకోవడానికి సాయపడే బైపాప్ మాస్క్ అవసరం కావచ్చు. 10 లీటర్ల మెషీన్ మాత్రం ఇప్పుడు కొనకండి. ఆక్సిజన్ అలవాటుగా మారదు. అవసరమని పరీక్షల్లో తేలి రాసినవాళ్లు రోజుకు కనీసం 15 గంటలైనా పెట్టుకోవాలి, పెంచడం తగ్గించడం మాత్రం మీ చేతుల్లో పెట్టుకోకండి. అన్నట్టు, బీడీలు తాగారని రాశారు గానీ మానేశారో లేదో రాయలేదు. ఆక్సిజన్ నడుస్తున్న గదిలో బీడీ ముట్టించినా, దీపం వెలిగించినా మంటలు అంటుకునే ప్రమాదం ఉంది.

వెళ్లేటప్పుడు డిశ్చార్జి కాగితాలు, ఆ మాత్రల స్ట్రిప్ తీసుకెళ్లండి. 108లో వెళ్తే సిబ్బందికి ముందే చెప్పండి: సీఓపీడీ ఉంది, ఇంట్లో 4 లీటర్లు పెట్టాం, నిద్రమాత్ర వేశాం అని.