ఓడిన జట్టు మేనేజర్‌పై తీర్పు చెప్పబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. మీ విశ్వవిద్యాలయంలోని విద్యార్థి పత్రికకు షికాగో వైట్ సాక్స్ బేస్‌బాల్ జట్టు పతనంపై వ్యాసం రాయమని అడిగారనీ, 2024లో ఆ జట్టు మూటగట్టుకున్న 121 ఓటములలో మేనేజర్ పెడ్రో గ్రిఫోల్ వాటా ఎంతో తేల్చుకోలేకపోతున్నావనీ రాశావు. ఈ దేశానికి వచ్చిన నాటి నుంచి ఈ ఆటను వదలకుండా చూస్తున్నవాణ్ణి గనుక, ఇటువంటి లెక్క తేల్చేటప్పుడు నేను పాటించే పద్ధతి నీకు చెబుతాను. తీర్పు మాత్రం నీవే రాసుకోవాలి.

ముందుగా, నీకు అలవాటైన క్రికెట్ ఊహను కొంతసేపు పక్కన పెట్టు. అక్కడ బౌలర్‌ను మార్చేదీ, ఫీల్డర్లను నిలబెట్టేదీ మైదానంలో ఉన్న కెప్టెన్. ఇక్కడ ఆ పనులన్నీ ఆటగాళ్ల యూనిఫామే తొడుక్కుని, మైదానం పక్కనుండే డగౌట్‌లో కూర్చునే మేనేజర్‌వి. ఎవరు ఏ వరుసలో బ్యాటింగ్‌కు రావాలి, బంతి విసిరే పిచర్‌ను ఎప్పుడు మార్చాలి, బదులు పిచర్లు (రిలీఫ్ పిచర్లు) సిద్ధంగా ఉండే బుల్‌పెన్ నుంచి ఎవరిని పిలవాలి, 162 ఆటల సీజన్‌లో ఎవరికి ఎప్పుడు విశ్రాంతినివ్వాలి అన్నవన్నీ అతని చేతిలోనివే. అయితే జట్టులోని ఆ 26 మంది ఆటగాళ్లు ఎవరో నిర్ణయించేది అతను కాదు. ఆటగాళ్లను తెచ్చుకోవడం, ఇతర జట్లకు ఇచ్చివేయడం, జీతాలు కుదర్చడం జనరల్ మేనేజర్ కార్యాలయం పని. అందుకు సొమ్ము ఎంత విడుదల చేయాలో చెప్పేవాడు యజమాని. ఈ ముగ్గురిలోనూ ప్రతి ఆట తరువాత విలేకరుల ముందు కూర్చోవలసినవాడు మేనేజర్ ఒక్కడే కావడం వల్ల జనం కోపమంతా అతని మీదికే మళ్లుతుంది.

కాబట్టి అతని చేతికి ఏమిచ్చారన్నదే నీ మొదటి ప్రశ్న కావాలి. 2024 సీజన్ మొదలు కాకముందే వైట్ సాక్స్ తన మేటి పిచర్ డిలన్ సీస్‌ను శాన్ డియేగోకు ఇచ్చివేసింది. మంచి బ్యాటర్ లూయిస్ రాబర్ట్ ఏప్రిల్ మొదట్లోనే గాయపడి చాలా వారాలు ఆటకు దూరమయ్యాడు. జూలై చివరికి ఎరిక్ ఫెడీ, టామీ ఫామ్, మైకేల్ కోపెక్, ఎలోయ్ హిమేనెజ్ కూడా ఇతర జట్లకు వెళ్లిపోయారు. జూలై 10 నుంచి ఆగస్టు 5 వరకు వరసగా 21 ఆటలు ఓడిపోయారు. మరో మూడు రోజులకు, అంటే ఆగస్టు 8న, 28 గెలుపులు, 89 ఓటములతో ఉన్న గ్రిఫోల్‌ను తొలగించారు. తరువాత తాత్కాలికంగా వచ్చిన గ్రేడీ సైజ్‌మోర్ 13 గెలిచి 32 ఓడాడు. శాతంలో అది కొంత మెరుగే గాని, ఆ చొప్పున సీజనంతా ఆడినా 115 ఓటములు తప్పేవి కావు. "ఆడలేక మద్దెల ఓడు" అని మనవాళ్లు వేళాకోళం చేస్తారు గాని, మద్దెల నిజంగానే పగిలి ఉన్నప్పుడు ఆ మాట కూడా సాక్ష్యం కిందే లెక్క.

మేనేజర్‌ను మార్చాక వచ్చే కొద్దిపాటి మెరుగుదలను చూసి పాతవాడి దోషం రుజువైందని ఎన్నడూ రాయకు. జట్టు అత్యంత హీనంగా ఆడుతున్న రోజుల్లోనే ఎవరినైనా తీసేస్తారు గనుక, ఆ తరువాత ఎవరు వచ్చినా అంకెలు కొంత పైకి లేవడం సహజం. కొలరాడో రాకీస్ 2025 మేలో 7 గెలిచి 33 ఓడిన దశలో బడ్ బ్లాక్‌ను పంపించింది. మిగిలిన సీజన్‌లో కొత్త మేనేజర్ కింద 36 గెలిచి 86 ఓడింది. అదే బ్లాక్ 2017, 2018 సంవత్సరాల్లో ఆ జట్టును సీజన్ తరువాతి నాకౌట్ పోటీలైన పోస్ట్‌సీజన్‌కు తీసుకువెళ్లాడన్న సంగతిని అప్పటికి అందరూ మరచిపోయారు. బాల్టిమోర్ ఓరియోల్స్ 1988లో మొదటి ఆరు ఆటలు ఓడగానే, ఇద్దరు కొడుకులు అదే జట్టులో ఆడుతున్న కాల్ రిప్‌కెన్ సీనియర్‌ను తొలగించింది. ఆయన స్థానంలో వచ్చిన ఫ్రాంక్ రాబిన్సన్ ఆటగాడిగా మహామహుడు. ఆయన వచ్చాక కూడా జట్టు వరసగా మరో 15 ఓడింది. ఆరు ఆటలతో మనిషి సామర్థ్యాన్ని కొలిచిన ఆ కార్యాలయాన్ని నేను ఈనాటికీ సమర్థించలేను.

ఇక ఒక చిన్న లెక్క వేసి చూడు. బిల్ జేమ్స్ అనే గణాంకకారుడు చూపిన మార్గం ఇది: జట్టు చేసిన పరుగుల వర్గాన్ని, చేసిన పరుగుల వర్గం, ఇచ్చిన పరుగుల వర్గం కలిపిన మొత్తంతో భాగిస్తే, ఆ జట్టు గెలవవలసిన ఆటల నిష్పత్తి సుమారుగా వస్తుంది. వైట్ సాక్స్ 2024లో 507 పరుగులు చేసి 813 ఇచ్చింది. లెక్క ప్రకారం 45 గెలుపులు రావాలి, వచ్చినవి 41. ఈ నాలుగింటి తేడాలో దురదృష్టం ఎంతో, బుల్‌పెన్‌ను సరిగా వాడకపోవడం ఎంతో ఎవరూ విడదీయలేరు. మొత్తాన్నీ మేనేజర్ల ఖాతాలోనే వేసినా ఓటములు 117 దగ్గర ఆగుతాయి. ఆ 507, 813 అంకెల్లోనూ లైనప్ (బ్యాటింగ్ వరుస) ఎంపిక, పిచర్ల వాడకం రూపంలో మేనేజర్ చేయి కొంత ఉంటుందన్నది నిజమే. అయినా 300 పరుగుల లోటును డగౌట్‌లో కూర్చుని ఎవరూ తయారుచేయలేరు.

ఇది చదివి గ్రిఫోల్‌ను నేను విడిచిపెడుతున్నానని అనుకోకు. అతణ్ణి నిలదీయవలసిన సంవత్సరం 2024 కాదు, 2023. ఆ జట్టు 2021లో 93 ఆటలు గెలిచి, లీగ్‌లో తన విభాగమైన డివిజన్‌లో మొదటి స్థానం దక్కించుకుంది; 2022లో 81 గెలిచి 81 ఓడింది. అతను పగ్గాలు చేపట్టిన 2023లో ఏప్రిల్‌లోనే వరసగా పది ఓడి, చివరికి 101 ఓటములతో ముగించింది. అప్పటికి జట్టులో పేరున్నవారు ఇంకా ఉన్నారు. ఆ ఏడు న్యూయార్క్ యాంకీస్‌కు వెళ్లిన రిలీఫ్ పిచర్ కీనన్ మిడిల్టన్, వైట్ సాక్స్‌లో నియమాలంటూ ఏమీ లేవనీ, కొత్త కుర్రాళ్లు ఆట నడుస్తుండగానే బుల్‌పెన్‌లో నిద్రపోయేవారనీ, సమావేశాలకు రాకపోయినా అడిగే నాథుడు లేడనీ బాహాటంగా చెప్పాడు. వెళ్లిపోయిన మనిషి మాటను కొంత తగ్గించే తీసుకోవాలి; అయినా అతను చెప్పినవి జనరల్ మేనేజర్ కార్యాలయానికి అంటించగల తప్పులు కావు. క్రమశిక్షణ, సాధన, ఆటకు ముందరి సిద్ధత అచ్చంగా మేనేజర్ బాధ్యతలు. నీ వ్యాసంలో గ్రిఫోల్‌పై అభియోగం మోపదలచుకుంటే దాని పునాది ఇక్కడ ఉండాలి.

ఒక్కొక్క నిర్ణయాన్ని తూచేటప్పుడు ఫలితాన్ని చేత్తో మూసిపెట్టు. 2003 పోస్ట్‌సీజన్‌లో యాంకీస్‌తో సిరీస్ ఏడో ఆటలో బోస్టన్ మేనేజర్ గ్రేడీ లిటిల్, 5-2 ఆధిక్యం ఉన్న ఎనిమిదో ఇన్నింగ్స్‌లో అలసిన పెడ్రో మార్టినెజ్‌ను మార్చకుండా ఉంచి ఆధిక్యాన్ని పోగొట్టుకున్నాడు. ఛాంపియన్‌ను తేల్చే వరల్డ్ సిరీస్‌లో, 2020లో, ఆరో ఆటలో టాంపా బే మేనేజర్ కెవిన్ క్యాష్, అద్భుతంగా వేస్తున్న బ్లేక్ స్నెల్‌ను 73 పిచ్‌లకే (విసిరిన బంతులకే) మార్చి ఆటా, సిరీసూ పోగొట్టుకున్నాడు. ఒకరిని ఎందుకు ఉంచావన్నారు, మరొకరిని ఎందుకు తీశావన్నారు. నా దృష్టిలో లిటిల్‌ది తప్పే, ఎందుకంటే వంద పిచ్‌లు దాటాక మార్టినెజ్ పదును తగ్గుతుందని ఆ రాత్రికి ముందే తెలుసు. క్యాష్‌ది నాకు నచ్చని నిర్ణయమే గాని, అదే పద్ధతి ఏడాదంతా ఆ జట్టును గెలిపించింది గనుక దాన్ని అసమర్థత అనలేను.

ఒకే మనిషిని వేరువేరు జట్లతో చూడడం కూడా మంచి పరీక్ష. యాంకీస్‌తో పన్నెండేళ్లలో ఏడు వరల్డ్ సిరీస్‌లు గెలిచిన కేసీ స్టెంగెల్, 1962లో కొత్తగా పుట్టిన న్యూయార్క్ మెట్స్‌తో 40 గెలిచి 120 ఓడాడు. ఇక్కడితో ఆగితే కథ మేనేజర్‌కు అనుకూలంగా ముగుస్తుంది. కాని అదే ఏడాది, ఇతర జట్లు వదులుకున్న అదే ఆటగాళ్ల గుంపు నుంచి ఎంచుకున్న హ్యూస్టన్ 64 ఆటలు గెలిచింది. పాత పేర్ల మీద మెట్స్ పెట్టుకున్న మోజు ఆ తేడాకు చాలావరకు కారణమని నా అభిప్రాయం. డెట్రాయిట్ మరో రకం. 2003లో అలన్ ట్రామెల్ కింద 119 ఓడిన జట్టు 2006లో జిమ్ లేలాండ్ కింద అమెరికన్ లీగ్ విజేత పట్టమైన పెనెంట్ గెలిచింది. ఈ మధ్యలో ఇవాన్ రోడ్రిగెజ్, మాగ్లియో ఒర్డోన్యెజ్, కెన్నీ రోజర్స్, జస్టిన్ వెర్లాండర్ జట్టులోకి వచ్చారు. అలాగే 2003లో ఇరవై ఏళ్ల వయసులో 19 ఆటలు ఓడిన జెరెమీ బాండర్మన్ 2006లో 14 గెలిచాడు. అతణ్ణి 20వ ఓటమి అంటకుండా సీజన్ చివర బుల్‌పెన్‌కు పంపి కాపాడినవాడు ట్రామెల్. ఓడే జట్టు మేనేజర్ చేసే ఇటువంటి పనులు గెలుపోటముల పట్టికలో కనిపించవు. అందుకే ఓడే జట్టులో కుర్రాళ్లు ఏప్రిల్ కంటే సెప్టెంబరులో మెరుగయ్యారా, బేస్‌ల మధ్య పరుగెత్తడంలో పొరపాట్లు తగ్గాయా, రిలీఫ్ పిచర్ల చేతులు అరిగిపోయాయా అన్నవి వెతుకు.

వ్యాసం ముగించే ముందు 2025ను కూడా పరిశీలించు. విల్ వెనబుల్ మేనేజర్‌గా వచ్చిన మొదటి ఏడాది వైట్ సాక్స్ 60 గెలిచి 102 ఓడింది. అంతకు ముందు ఏడాది కంటే 19 గెలుపులు ఎక్కువ. వెంటనే ఆ ఘనత వెనబుల్‌కు కట్టబెట్టాలనిపిస్తుంది. కాని జూలైలో జట్టులోకి వచ్చిన కోల్సన్ మాంట్‌గోమరీ 21 హోమ్‌రన్లు (బంతిని మైదానం దాటించే దెబ్బలు) కొట్టాడు. క్యాచర్ కైల్ టీల్, పిచర్ గ్యారెట్ క్రోషేను బోస్టన్‌కు ఇచ్చి తెచ్చుకున్నవాడు. ఆ 19లో వీరి వాటా ఎంతో, వెనబుల్ వాటా ఎంతో తూచి చూశాకే గ్రిఫోల్ గురించిన చివరి పేరా రాయి.

ఇట్లు,
నీ మామయ్య