ఫ్లోరిడాలో హెచ్-1బి మీద ఉండి తుపాకీ కొనొచ్చా?

బ్రదర్, రాత్రిళ్లు ఎవరో డ్రైవ్‌వేలో కార్ల తలుపులు లాగి చూస్తున్నారని, ‘స్టాండ్ యువర్ గ్రౌండ్’ (ప్రాణభయం ఉంటే వెనక్కి తగ్గకుండా ఆత్మరక్షణకి ఎదురుదాడి చేయొచ్చనే చట్టం) ఉందిగా, తుపాకీ కొనెయ్ అని కొలీగ్ అన్నాడని రాశారు. ఆగండి. ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బి లాంటి నాన్-ఇమ్మిగ్రెంట్ (తాత్కాలిక) వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడమే నేరం. హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపులు కొన్ని ఉన్నా, లాయర్‌ని అడక్కుండా వాటి జోలికి వెళ్లొద్దు. కేసైతే వీసాకీ ఎసరే. మీ కొలీగ్‌కి గ్రీన్‌కార్డ్ ఉండుంటుంది, ఆయనకేం!

ఇక ఆ ‘స్టాండ్ యువర్ గ్రౌండ్’ సంగతి. ఇంట్లోకి, లేదా మనుషులున్న కారులోకి ఎవరైనా అక్రమంగా, బలవంతంగా చొరబడితే మీకు ప్రాణభయం కలిగినట్టే లెక్క. ఖాళీ కారుకి ఆ వెసులుబాటు లేదు. పారిపోయేవాణ్ణి వెనక నుంచి కాల్చి ప్రాణభయం అంటే నిలబడటం కష్టం.

ఈ చట్టం వల్ల నేరాలు తగ్గాయని కొందరనే మాట కూడా నిజం కాదు. ఇలాంటి చట్టాలు తెచ్చిన రాష్ట్రాల మీద ఆర్థికవేత్తలు చెంగ్, హోక్‌స్ట్రా 2013లో ప్రచురించిన అధ్యయనంలో దొంగతనాలు, దోపిడీలు తగ్గిన దాఖలా లేదు, హత్యలు మాత్రం సుమారు 8 శాతం పెరిగాయి. ఫ్లోరిడాలో 2005లో చట్టం వచ్చాక హత్యల రేటు 24 శాతం పెరిగిందని 2017లో ఇంకో అధ్యయనం తేల్చింది. వెనక్కి తగ్గితే పోయే గొడవలో కూడా తుపాకీ బయటికొస్తే అంతే మరి.

మీరు చేయాల్సింది: కారు లాక్ చేయండి, గ్యారేజ్ రిమోట్ అందులో వదలకండి (అది దొరికితే ఇల్లే తెరుచుకుంటుంది), మోషన్ లైట్ పెట్టించండి. అలికిడైతే బయటికి రాకుండా 911కి ఫోన్ చేయండి.