ఆలివ్ తోటల్లో అడవిపూలు

ప్రశ్న: మా అబ్బాయి గ్రీసులో ఉన్నాడు. ఏప్రిల్ మూడో వారంలో క్రీట్ దీవికి తీసుకెళ్తానంటున్నాడు. అక్కడి అడవిపూలు చూడాలని ఆశ. మోకాళ్ల నొప్పులు, కొండలెక్కలేను. చూడగలనా సార్?
– ఒక రిటైర్డ్ టీచర్, తిరుపతి

జవాబు: టెన్షన్ వద్దు టీచరమ్మా, మంచి టైమ్‌కే వెళ్తున్నారు. అక్కడ వానలు చలికాలంలో పడతాయి, వేసవంతా ఎండే. అందుకే మొక్కలు ఎండలు ముదరకముందే పూసేస్తాయి. మన శేషాచలం అడవినాభి వానలకు పూసి, తర్వాత దుంపగా నేలలో ఉండిపోతుంది కదా, అక్కడ చాలా మొక్కలది అదే పద్ధతి. కాకపోతే కాలం వేరు.

ఆలివ్ తోటల గట్ల మీద ఎర్రటి పాపీలు, పసుపు చామంతులు కారులోంచే కనిపిస్తాయి. స్పిలి ఊరి పైన గియస్ కాంబోస్ అనే మైదానం ఉంది, రోడ్డు దానిపక్కనుంచే వెళ్తుంది. అక్కడి పొలాల్లో ఎర్రని అడవి తులిప్‌లు పూస్తాయి. అవి క్రీట్‌లో తప్ప ఇంకెక్కడా సహజంగా పెరగవు.

నన్నడిగితే తులిప్‌ల కంటే ఓఫ్రిస్ ఆర్కిడ్లే చూడాలి. జానెడు మొక్క, తొందరపడితే కనపడదు. దాని పెదవి రేక, అంటే ముందుకు పొడుచుకొచ్చే కింది రేక, అచ్చం ఆడ తేనెటీగలా ఉంటుంది, వాసన కూడా అదే. మగ తేనెటీగ మోసపోయి వాలుతుంది, పుప్పొడి అంటించుకుని ఇంకో పువ్వు దగ్గర మళ్లీ మోసపోతుంది. తేనె చుక్క కూడా దక్కదు పాపం!

ఆ ఆర్కిడ్ దుంప తవ్వి తెద్దామనుకోకండి. చట్టం ఒప్పుకోదు, ఆ మట్టిలోని బూజు లేకుండా అది బతకదు కూడా. వంగకుండా చూడటానికి మడత స్టూలు పెట్టుకోండి. పైన ఆ మైదానంలో గాలి చల్లగా ఉంటుంది, స్వెటర్ కూడా.