ఫోన్ డేటా ఎందుకు ఖాళీ అవుతోందంటే

అమ్మడూ,

ఇంట్లో ల్యాప్‌టాప్‌కి బ్రాడ్‌బ్యాండ్ వైరు పెట్టుకుని కూడా ఫోన్ డేటా సాయంత్రానికల్లా అయిపోతోందన్నావు. ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి తగిలించి టెథరింగ్ (ఫోన్ నెట్‌ని ల్యాప్‌టాప్‌కి ఇవ్వడం) పెడితే విండోస్ దాన్ని ఇంకో ఈథర్‌నెట్ (వైరు నెట్) కార్డు అనుకుంటుంది. ప్రతి కనెక్షన్‌కీ మెట్రిక్ అని ఒక అంకె వేస్తుంది. ఎవరి అంకె చిన్నదైతే వాళ్లదే ముందు. ఆ అంకె లింకు స్పీడుని బట్టి వేసేదే, రీచార్జ్ ఎవరు చేయిస్తున్నారో దానికేం పట్టదు!

ముందు సెట్టింగ్స్‌లో ఈథర్‌నెట్ లింక్ స్పీడు చూడు. 1000 Mbps (అంటే గిగాబిట్) కాకుండా 100 ఉంటే కేబుల్‌ని అనుమానించు. గిగాబిట్‌కి లోపలి 8 తీగలూ కావాలి, 100కి నాలుగు చాలు. క్రింపింగ్‌లో (కేబుల్ చివర ప్లగ్గు బిగించేటప్పుడు) మిగతా నాలుగింట్లో ఒక్కటి సరిగా తగలకపోయినా 100కి దిగిపోవచ్చు. నెట్ వస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. విండోస్ 10 అయితే, గిగాబిట్ వైరుకి మెట్రిక్ 25 వేస్తే, 100 వైరుకి 35 వేస్తుంది. ఫోన్ అంకె అంతకంటే చిన్నదైతే వైరు వెనకబడేది అక్కడే.

అంకె మనమే వేసేయొచ్చు. ఫోన్ తగిలించి ఉంచి, కంట్రోల్ ప్యానెల్‌లో నెట్‌వర్క్ కనెక్షన్స్ తెరువు. వైరు కనెక్షన్ ప్రాపర్టీస్‌లో ఐపీ వెర్షన్ 4 (నెట్ అడ్రసుల పాత పద్ధతి), అందులో అడ్వాన్స్‌డ్. ఆటోమేటిక్ మెట్రిక్ టిక్కు తీసేసి అంకె 10 అని పెట్టు. ఫోన్‌ది 50 చెయ్యి. ఆఫీసు వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే కనెక్షన్) జోలికి మాత్రం పోకు.

చాలామంది ఇక్కడితో ఆపేసి, డేటా ఇంకా పోతోందేమిటని తల పట్టుకుంటారు. ఐపీ వెర్షన్ 6కి (అడ్రసుల కొత్త పద్ధతి) మెట్రిక్ వేరు, అక్కడా ఇదే పని చెయ్యాలి. పైగా జియో లాంటి మొబైల్ నెట్‌లో వెర్షన్ 6 ఉంటుంది, మీ బ్రాడ్‌బ్యాండ్‌లో లేకపోవచ్చు. అప్పుడు యూట్యూబ్ లాంటి సైట్లకి వెర్షన్ 6లో ఉన్న దారి ఫోన్ ఒక్కటే, విండోస్ మామూలుగా వెర్షన్ 6కే మొగ్గుతుంది. నువ్వు ఏ అంకె వేసినా లాభం లేదు. ఫోన్ కనెక్షన్ ప్రాపర్టీస్‌లో వెర్షన్ 6 టిక్కు తీసెయ్యి, గొడవ వదిలిపోతుంది.

ఇంకోటి. కరెంటు పోయి రూటర్ ఆగిపోతే ల్యాప్‌టాప్ దానంతటదే ఫోన్ మీదికి వెళ్తుంది. కానీ వీధిలో ఫైబర్ తెగితే రూటర్ లైట్లు వెలుగుతూనే ఉంటాయి, వైరు బాగానే ఉందనుకుని విండోస్ దాన్నే పట్టుకుని వేలాడుతుంది. మీటింగ్ మధ్యలో అలా అయితే టెన్షన్ పడకుండా ల్యాప్‌టాప్‌లోంచి వైరు పీకెయ్యి.

అమ్మని అడిగానని చెప్పు.

మామయ్య